మూడో బొమ్మ

ఇర్వింగ్, టెక్సాస్
31 జనవరి 2008, గురువారం

ప్రభువునందు నా ప్రియమైన దమయంతికి,

నీ భర్త ఈశ్వరయ్య వందనాలు. దేవుని కృపవల్ల ఇక్కడ నా ఒంటికేమీ లోటు లేదు. ఒంటికి అని ఎందుకన్నానో ముందుకు పోతే నీకే తెలుస్తుంది. అక్కడ నువ్వూ, జ్ఞానప్రసూన వదినా, ఇంటిల్లిపాదీ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చదివి స్తోత్రం చెల్లించాను.

ఫోన్ ఉండగా ఈయనకి ఉత్తరమెందుకొచ్చిందని అనుకుంటావు. కాలింగ్ కార్డులో ఆ రికార్డు గొంతు అమ్మాయి రెండు నిమిషాలే మిగిలాయని బెదిరిస్తుంటే ఇలాంటి సంగతి నోటికి రాదు. పైగా ఫోనేమో వదిన మంచం పక్కన ఉంటుంది. నేను ఇక్కడ ఏడిస్తే ఆవిడ అక్కడ ప్రార్థన మొదలుపెడుతుంది.

నువ్వడిగిన వాటికి ముందు జవాబులు రాసేస్తాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. కారు స్టిక్కర్ పోస్టులో వస్తే అద్దానికి అతికించాను, కొంచెం వంకరగా పడింది, పోలీసులకు వంకరతో పని లేదు. రైస్ కుక్కర్ మూత బిగుసుకుపోతే కత్తితో తీశాను. ఆ గీత నువ్వొచ్చాక చూసి తిట్టొచ్చు. వదిన ఆపరేషనైన మోకాలు వంచనని మొండికేస్తోందని రాశావు. నలభై ఏళ్లుగా ప్రార్థనలో వంచిన మోకాలే కదా, ఇప్పుడు డాక్టరు కోసం వంచమను. నీ ఆసుపత్రి నుంచి ఎవరో ఫోన్ చేసి, మార్చి డ్యూటీలు వేస్తున్నాం, ఎప్పుడొస్తావని అడిగారు. పదో తారీఖు లోపల అని చెప్పాను. తప్పయితే నువ్వే సరిచేసుకో.

ఇక మిగిలింది నీ ఆఖరి ప్రశ్న. మన సహవాసంలోని శారద ఫోన్‌లో నీకు అంతా చెప్పిందని రాశావు. మెక్సికోలో ఒక పల్లెటూళ్లో, నిండిన ఇంట్లో, నేను విగ్రహాన్ని తోసిపుచ్చి వాక్యం ప్రకటించానని. సంతోషించానన్నావు. ఆ కిందే ఒక్క ముక్క రాశావు: "మరి ఆ ఇంటి పెద్దావిడ ఏమంది?"

దమయంతీ, మన సహవాసంలో ముప్పైమంది ఉన్నారు. ఆ సాక్ష్యం విని చప్పట్లు కొట్టారు, హల్లెలూయ అన్నారు, సూర్యప్రకాశరావు గారు లేచి నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఒక్కరికీ ఆ పెద్దావిడ గుర్తు రాలేదు. తొమ్మిది వేల మైళ్ల దూరంలో, మోకాలి ఆపరేషన్ మంచం పక్కన కూర్చుని నువ్వే అడగాలా? శనివారం నీ ఉత్తరం తెరిచినప్పటి నుంచి నీ మీద కోపంగానే ఉంది. మొదటి నుంచి చెబితే గాని దానికి జవాబు రాదు, కాబట్టి ఓపిగ్గా చదువు.

మా స్టోర్లో కూరగాయల దగ్గర నాతో పనిచేసే రమోన్ నీకు తెలుసు. నువ్వొకసారి పులిహోర పంపితే, అన్నానికి ఈ రంగు ఎవరు వేశారని అడిగినవాడు. రెండేళ్లుగా ఆ మనిషికి వాక్యం చెబుతున్నాను. బెండకాయలు ఏరుతూ చెప్పాను, కూలర్‌లో వణుకుతూ చెప్పాను, స్పానిష్ కరపత్రాలు తెప్పించి ఇచ్చాను. అన్నిటికీ "యస్ పాస్టర్" అంటాడు, మెడలో మరియమ్మ బిళ్ల సర్దుకుంటాడు. క్రిస్మస్ వెళ్లాక ఒకరోజు, మా ఊరు వెళుతున్నాను వస్తావా, మా అమ్మను చూద్దువుగాని అన్నాడు. పౌలుకు దర్శనంలో మాసిదోనియవాడు కనిపించి రమ్మన్నాడు, నాకు కొత్తిమీర కట్టల మధ్య రమోన్ కనిపించాడు, ఇది పిలుపే అనుకున్నాను. మన కొత్త నీలం పాస్‌పోర్టు తీసుకుని, నాలుగు వందల కరపత్రాలు సంచిలో వేసుకుని వాడి ట్రక్కెక్కాను.

లరేడో దగ్గర సరిహద్దు దాటాక ఇంకో నాలుగు గంటలు. ఊరిపేరు సాంతా రీతా. ఊళ్లోకి రాగానే చర్చి, చర్చి ముందు నలుచదరంగా తోట, తోట మధ్యలో ఇనప కమ్మీల మండపం, చుట్టూ బెంచీలు, బెంచీల నిండా టోపీలు పెట్టుకున్న ముసలాళ్లు. ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, ఒకటి పసుపు, ఒకటి నీలం, ఒకటి పండుమిరప రంగు. వీధి తలుపు ఎవరూ వేసుకోరు. నువ్వయితే ఆ ముంగిళ్లలో మొక్కలు చూసి అక్కడే ఉండిపోయేదానివి. నాకు మాత్రం దిగిన క్షణం నుంచి చిరాకే. ఎందుకంటే అక్కడ ఎవరూ నన్ను పరాయివాడిగా చూడరు. నా రంగూ, నా మీసమూ వాళ్లకు సరిపోయాయి. తొమ్మిదేళ్లలో ఇర్వింగ్‌లో నన్నెవరూ దారి అడగలేదు. అక్కడ దిగిన గంటలో ఇద్దరు అడిగారు. ప్రకటించడానికి వచ్చినవాడికి కాస్త వింతగా చూసేవాళ్లు కావాలి. వింతగా చూడకపోతే ఆగి వినరు.

పోనీ ఎదిరిస్తారా అంటే అదీ లేదు. ఏ గుమ్మంలోకి వెళ్లినా కుర్చీ వేస్తారు. కుర్చీ వెనకాలే పళ్లెం వస్తుంది. మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజల ముద్ద, కళ్లలో నీళ్లు కారేంత మిరప పచ్చడి. నువ్వు తింటుంటే వీధిలో పోయే ముక్కూ మొహం తెలియనివాడు కూడా ఆగి, బాగా తిను అని దీవించి పోతాడు. నీనెవె వాళ్లు యోనా మాట విని బూడిదలో కూర్చున్నారు. వీళ్లు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పులుసు పోశారు. నోటి నిండా ముద్ద పెట్టుకుని ఏ ప్రవక్త తీర్పు చెప్పగలడు?

రమోన్ వాళ్లమ్మ పేరు దోన్యా కూకా. దోన్యా అంటే మన 'గారు' లాంటిది, ముందు పెడతారు. డెబ్భై నాలుగేళ్లు, భర్త పోయి చాలాకాలమైంది. చేతివేళ్లు కీళ్లనొప్పులతో అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయాయి. హాల్లో ఒక మూల బల్ల మీద పునీతుల బొమ్మలు, మధ్యలో మూరెడు పొడవున్న బాలయేసు బొమ్మ, పూలు, కొవ్వొత్తులు. శనివారం సాయంత్రం ఆ బల్లకి ఎదురుగా నిలబడి విగ్రహాల సంగతి నలభై నిమిషాలు ఇంగ్లీషులో దంచాను. రమోన్ దాన్ని నాలుగు వాక్యాల్లో తేల్చేశాడు. ఏం చెప్పావురా అంటే, "నువ్వు దేవుణ్ని చాలా ప్రేమిస్తావని చెప్పాను పాస్టర్" అన్నాడు. వాళ్లందరూ తలలూపారు. ఆవిడ నా కరపత్రం రెండు చేతులా అందుకుని, ముద్దు పెట్టుకుని, తీసుకెళ్లి సరిగ్గా ఆ బాలయేసు బొమ్మ కాళ్లకి ఆనించి నిలబెట్టింది. 'విగ్రహములను విడిచిపెట్టుడి' అని స్పానిష్‌లో పెద్దక్షరాలతో ఉన్న కరపత్రం అది. దాని ముందు కొవ్వొత్తి కూడా పెట్టింది.

నవ్వకు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆదివారం, జనవరి ఆరు. జ్ఞానులు బాలుణ్ని చూడవచ్చిన రోజని వాళ్లకు పండుగ. దోన్యా కూకా ఇంటికి ఆ వీధివాళ్లు ఇరవైమంది వచ్చారు. బేకరీ నుంచి రొట్టె తెచ్చారు. మన గారెను చాపంత చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది, మధ్యలో చిల్లు, పైన ఎర్రవీ పచ్చవీ పళ్ల ముక్కలు. అందులో వేలికణుపంత ప్లాస్టిక్ పసిపిల్లాడి బొమ్మలు మూడు దాచి కాలుస్తారు. హేరోదు కంటపడకుండా బాలుణ్ని దాచినదానికి గుర్తట. ఎవరి ముక్క వాళ్లే కోసుకోవాలి. బొమ్మ వచ్చినవాళ్లు ముగ్గురూ కలిసి ఫిబ్రవరి రెండున అందరికీ వండిపెట్టాలి. తమాలెలు అని వండుతారు, మొక్కజొన్న పిండిలో మాంసం పెట్టి, కండె మీది పొరల్లో చుట్టి ఆవిరికి పెడతారు. మీ కోనసీమ పొట్టిక్కలకు దూరపు చుట్టమనుకో. అదే రోజు, ఆ ఇంటి బాలయేసు బొమ్మకి కొత్త బట్టలు తొడిగి చర్చికి ఎత్తుకెళ్లాలి. బొమ్మ దొరికినవాళ్లు ఆ బాలుడికి జ్ఞానతల్లీ, జ్ఞానతండ్రీ అన్నమాట. కత్తి పట్టుకునే ముందే రమోన్ ఇదంతా నాకు వివరంగా చెప్పాడు. తెలియక చేశానని అనడానికి వీల్లేదు.

తరవాతి ఆదివారం సహవాసంలో నేను చెప్పిన సాక్ష్యం శారద నీకు చెప్పినట్టే ఉంటుంది. రొట్టె నా ముందు పెడితే, ఇది విగ్రహారాధన, నేను ముట్టనని లేచి నిలబడ్డానన్నాను. బొమ్మను తోసిపుచ్చానన్నాను. ఇల్లంతా నిశ్శబ్దమైపోయిందన్నాను. ఆ మాట అన్నప్పుడు మన హాలు కూడా నిజంగానే నిశ్శబ్దమైంది. నేను గొంతు ఎక్కడ తగ్గించాలో నాకు తెలుసు కదా.

ఇప్పుడు జరిగింది రాస్తాను.

నేను లేవలేదు, దమయంతీ. కత్తి అందుకుని ముక్క కోసుకున్నాను, కొంచెం పెద్దదే. ఆకలిగా ఉంది, చాక్లెట్ వేసి కాచిన పాలు వేడిగా ఉన్నాయి. రెండో కొరుకులో పంటికింద గట్టిగా తగిలింది. నాలుకతో తిప్పి చూశాను, బుల్లి తల, బుల్లి కాళ్లు. ఆ క్షణంలో నాకు మొదట వాక్యం గుర్తు రాలేదు. విగ్రహం అనే మాట తరవాత వచ్చింది. మొదట వచ్చింది ఏమిటంటే, మళ్లీ పన్నెండు గంటలు ట్రక్కులో రావాలి, మేనేజర్ లీవ్ ఇవ్వడు, మన సహవాసంలో తెలిస్తే నా నోరు మూయిస్తారు. చేతిరుమాలు తీసి దగ్గినట్టు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నువ్వు మూలకి 'ఈ' అని కుట్టిన రుమాలు. బొమ్మను అందులోకి వదిలి, మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇద్దరికి బొమ్మలు వచ్చాయి. ఒకావిడ కెవ్వుమంది, ఒక మెకానిక్ తల పట్టుకున్నాడు, అందరూ వాళ్లను ఏడిపించారు. ఆఖరి ముక్క వరకూ అయింది. మూడోది రాలేదు. బేకరీవాడు మూడే పెట్టానని చెప్పాడు, రెండు కాదు, అని మెకానిక్ పట్టుబట్టాడు. అందరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. నేను పాలు తాగాను. వస్తువు దాచి డేరాలో పూడ్చిపెట్టిన ఆకాను గురించి ఎన్నిసార్లు ప్రసంగించానో నీకు లెక్క తెలుసు. చీటీలు వేసి గోత్రం, వంశం, ఇల్లు వెతుక్కుంటూ తన దాకా వస్తుంటే ఆకాను మొహం ఎలా ఉండి ఉంటుందో నటించి చూపించేవాణ్ని. అలాగేమీ ఉండదు. మామూలుగానే ఉంటుంది.

ఇక నీ ప్రశ్నకి జవాబు. ఆ పెద్దావిడ ఏమందంటే, నవ్వి, "నా ముక్కలోనే వచ్చి ఉంటుంది, మింగేసి ఉంటాను, పళ్లు లేనిదాన్ని కదా" అంది. ఇల్లంతా నవ్వింది. మూడో వంతు నాది అని ఒప్పేసుకుంది. ఆ తరవాత నావైపు తిరిగి, ఇంకో ముక్క వేసుకుంటావా అని అడిగింది.

నేను వేసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర మన ఆఫీసరు, డిక్లేర్ చేయాల్సింది ఏమైనా ఉందా అని అడిగాడు. నథింగ్ అన్నాను. బల్ల దగ్గర ఒకటి, సరిహద్దులో రెండు, సహవాసంలో మూడు. పేతురుకి మూడోసారికి కోడి కూసింది. నాకు కోడి కూయలేదు, నీ ఉత్తరం వచ్చింది. మధ్యలో ఒక ఆదివారం గొంతు బాగాలేదని చెప్పి ప్రసంగం తప్పించుకున్నాను. సూర్యప్రకాశరావు గారు మిరియాల పాలు ఫ్లాస్కులో పంపారు. అవీ తాగాను.

శనివారం నీ ఉత్తరం చదివాక, పోయిన ఆదివారం సహవాసం జరిగే సూర్యప్రకాశరావు గారి ఇంట్లోనే, పాటలు అయ్యాక మైకు తీసుకుని అంతా చెప్పేశాను. ఈసారి గొంతు ఎక్కడ తగ్గించాలో తెలియలేదు. అయిపోయాక శారద, నేను ఇండియాలో నలుగురికి ఫోన్ చేసి చెప్పానండీ అంది, ఆ అమ్మాయి మొహం చూడలేకపోయాను. సూర్యప్రకాశరావు గారు నన్ను వంటింట్లోకి తీసుకెళ్లారు. ఇరవై ఏళ్లు ఇంజినీరుగా పనిచేసిన మనిషి, దేన్నయినా రిపేరు చేద్దామనే చూస్తాడు.

"బ్రదర్, ఇది మైకులో చెప్పాల్సిన సంగతా? నాకొక ఫోన్ కొడితే సరిపోయేది."

"అబద్ధం మైకులోనే చెప్పానండీ."

"అది విగ్రహం. మీరు దాచడంలో తప్పేముంది? రాహేలు తన తండ్రి గృహదేవతల్ని ఒంటె సామానులో దాచి పైన కూర్చోలేదా? రెండు వారాల కింద చెప్పింది కొంచెం ఎక్కువైంది, ఒప్పుకుంటాను. సరిచేసి చెబుదాం. ఆ ముసలావిడ ఎవరు మనకి?"

చూశావా. ఈయన నా మేలు కోరే మనిషి. నా దగ్గర వాక్యం నేర్చుకున్న మనిషి. రాహేలు దాచినదాన్ని వాక్యం ఎక్కడా మెచ్చుకోలేదని నేనే ఈయనకి చెప్పాను. నాకు అంత విసుగు ఎప్పుడూ రాలేదు, ఆయన మీద కాదు, ఆయన నోట్లోంచి వస్తున్నది నేను నేర్పిందే. ఇరవై రెండేళ్లుగా నేను ఎవరి తప్పుకి ఏ వచనం సరిపోతుందో నేర్పాను. నా తప్పుకి సరిపోయేదాన్ని ఆయన వెతికి తెచ్చాడు.

మూడు నెలలు నేను ప్రసంగించకూడదని నిర్ణయించారు. నేనే అడిగాను అనుకో. నువ్వొచ్చేసరికి మన ఆదివారాలు ఖాళీగా ఉంటాయి.

సోమవారం స్టోర్లో, కూలర్‌లో, రమోన్‌కి చెప్పాను. ముందు నవ్వాడు. క్యాలీఫ్లవర్ పెట్టెల మీదకి వాలిపోయి నవ్వాడు, పాస్టర్ దొంగ, పాస్టర్ దొంగ అని. తరవాత కళ్లు తుడుచుకుని మామూలుగా, "మా అమ్మ మింగలేదని అందరికీ తెలుసు" అన్నాడు.

ఎలాగన్నాను.

"ఆవిడకి షుగరు. ఆ రోజు రొట్టె ముట్టుకోలేదు. అసలు ముక్కే కోసుకోలేదు. నువ్వు చూడలేదా?"

నేను చూడలేదు, దమయంతీ. ఆ బల్ల దగ్గర గంటసేపు కూర్చున్నాను, విగ్రహాలన్నీ లెక్కపెట్టాను, ఆవిడ ముందు పళ్లెం లేదన్నది చూడలేదు. ఇరవైమందికీ తెలుసు. ఎవరో దాచారనీ తెలుసు, ఆవిడ మీద వేసుకుందనీ తెలుసు. మరి ఎవరని ఎందుకు అడగలేదంటే, ఇంట్లో అతిథి ఉండగా అలాంటిది అడగరు పాస్టర్, అన్నాడు. ఇప్పటికే ఆవిడ పని మొదలుపెట్టిందట. పొరలు నానబెట్టి, ఒక్కొక్కటీ తుడిచి పెడుతోందట, ఆ వేళ్లతో. కూతురు వద్దంటే, మింగింది నేను కదా అంటోందట.

నేను రేపు తెల్లవారుజామున రమోన్‌తో బయల్దేరుతున్నాను. మేనేజర్ లీవ్ ఇవ్వనన్నాడు, ఇవ్వకపోయినా వెళ్తానన్నాను, ఇచ్చాడు. శనివారం ఫిబ్రవరి రెండు. మూడో వంతు పిండి, మూడో వంతు మాంసం నావి, ట్రక్కులో వేసుకున్నాం. చుట్టడం రాదు, నేర్చుకుంటాను. ఆ బాలయేసు బొమ్మను ఎత్తుకోమంటారు. ఎత్తుకోను. ఆ విషయంలో నా నమ్మకం మారలేదు, నువ్వు కూడా మారిందని అనుకోవద్దు. అయితే ఎందుకు ఎత్తుకోనో ఆవిడకి నలభై నిమిషాలు చెప్పే అర్హత నాకు లేదు. ఎత్తుకోలేనని ఒక్కసారి చెప్పి, ఆవిడ చర్చికి నడుస్తుంటే పక్కన చెయ్యి పట్టుకుని నడుస్తాను. గుమ్మం దగ్గర ఆగుతానో, లోపలికి పోతానో అక్కడికి వెళ్లాక ప్రభువు చెప్పాలి. ఇది చదివి వదినతో చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. శారద ఫోన్ చేస్తే మాత్రం నా తరఫున ఏమీ వాదించకు.

ముందుగా ఆవిడతో నిజం చెప్పాలి. రమోన్‌ని తర్జుమా చేయొద్దన్నాను. నాలుగు వాక్యాల్లో ఏదో మంచి మాట చేసేస్తాడు, వాడి సంగతి నాకు తెలుసు. స్పానిష్‌లో నేనే చెబుతానంటే నేర్పాడు. 'యో లో ఎస్కొందీ.' నేనే దాచాను అని. మూడే మాటలు. మూడు రోజులుగా వంకాయలు పేరుస్తూ అనుకుంటున్నాను. ఏ నోటు లేకుండా రెండు గంటలు ఆగకుండా మాట్లాడతానని పేరున్న మనిషిని, నువ్వే ఎన్నోసార్లు వెనక వరసలోంచి గడియారం చూపించి ఆపావు. ఆ మూడింటిలో రెండు వస్తున్నాయి, మూడోది నోట్లోనే ఉండిపోతోంది. ఇంకా పన్నెండు గంటల దారి ఉంది. అనుకుంటూ వెళ్తాను.

ఇట్లు,
నీ ప్రార్థనలో మొదట ఎవరి పేరు చెప్పాలో ఈ వారం నీకు వేరే చెప్పనక్కర్లేని
నీ భర్త,
ఈశ్వరయ్య